ఫిరంగికి ఫిరంగి

సెంట్రీ ఓడని పాత ఇనుము కింద అమ్మేశారు. పోయిన వారం మా పోర్ట్ కారో పత్రికలో దాని చరిత్ర అంటూ ఒక పేజీ నిండా వేశారు. ఎక్కడ కట్టారు, ఎంత పొడుగు, ముందు భాగంలో ఎంత పెద్ద ఫిరంగి ఉండేది, అన్నీ ఉన్నాయి. చివర్లో మాత్రం, ఇంతకాలం కొలువు చేసినా ఈ ఓడ ఒక్క ప్రాణికి కూడా హాని చేయలేదు, అని రాసి చేతులు దులుపుకున్నారు. ఆ వాక్యం చదివాక పేపరు మడిచి పొయ్యిలో పెట్టాను. నా తమ్ముడు జోయెల్ ప్రాణి కాడా మరి?

ఆ రాసినవాడు నిన్నగాక మొన్న ఈ ఊరికి వచ్చాడు. నేను సెంట్రీని మొదటి రోజు నుంచీ ఎరుగుదును. నా మొగుడు జేబెజ్ హాస్కెన్ దాని మీద గన్నరు, అంటే ఫిరంగులన్నీ ఆయన చేతి కింద ఉండేవి. ఆ ఓడ గురించి నేను విన్నంత సోది ఈ తీరంలో ఇంకే ఆడదీ విని ఉండదు.

అసలు దాన్ని ఎందుకు తెప్పించారో చెబితే నవ్వొస్తుంది. రష్యావాళ్ళు దండెత్తి వస్తున్నారని ఒక ఏడాది పుకారు లేచింది. ఆస్ట్రేలియా అడుగున గోధుమ బస్తాలు ఎగుమతి చేసుకునే మా రేవు మీద రష్యా చక్రవర్తి కన్ను ఎందుకు పడుతుందని ఎవరూ అడగలేదు. వలస ప్రభుత్వం హడావిడిగా ఇంగ్లండులో ఒక ఫిరంగి ఓడ కట్టించి తెప్పించింది. అక్కడితో సరి. మా నౌకాదళం మొత్తం అదే, ఒంటికాయ శొంఠికొమ్ము. ఆ ఒక్క ఓడకి ఒక కెప్టెను, ఒక మంత్రి, ఒక బ్యాండు మేళం. నావికుల్లో సగం మంది రేవులో మూటలు మోసేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం మాత్రం నీలం చొక్కాలు తొడుక్కుని సిపాయిలైపోయేవారు.

రష్యావాళ్ళు రాలేదు. ఇక ఓడకి పనేముంది? పెద్ద ఫిరంగిని పరీక్షకని ఒక్కసారి పేల్చారు. రేవు ముందు వీధిలో కిటికీ అద్దాలన్నీ రాలాయి. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని కసాయి కొట్టతను మంత్రి దాకా వెళ్ళి గగ్గోలు పెట్టాడు. అప్పటినుంచి ఆ ఫిరంగి మూతికి తోలు తొడుగు వేసి ఉంచారు. జేబెజ్ దాన్ని రోజూ తుడవాలి, నూనె పెట్టాలి, పేల్చకూడదు. పండగలకి పక్కనున్న చిన్న ఫిరంగులతో సరిపెట్టేవారు. బొగ్గు దండగని బాయిలర్లు చల్లగా ఉంచేవారు.

అన్నిటికీ మించి మూడు మైళ్ళ గీత ఒకటి. తీరం నుంచి మూడు మైళ్ళ దాకానే మా ఓడ యుద్ధనౌక. అది దాటితే రాణిగారి చట్టంలో దానికి పేరూ లేదు, ఊరూ లేదు. ఫిరంగులున్న అనామకపు ఓడ, దొంగల ఓడతో సమానం. దాటాలంటే పైనుంచి అనుమతి రావాలి. "కట్టేసిన కుక్కకి కోరలెందుకే టామ్సిన్?" అని జేబెజ్ ఇంటికొచ్చి బూట్లు గోడకేసి విసిరేవాడు. ఆ బూట్లు మళ్ళీ ఏరి పెట్టేది నేనే.

అయితే వాళ్ళని నిజంగా కాల్చుకు తిన్నది మర్యాద సంగతి. ఓడకి ఓడ ఎదురైతే ఫిరంగులు పేల్చి పలకరించుకోవడం సముద్రం మీద ఆచారం. ఒకరు పేలిస్తే రెండోవారు బదులు పేల్చాలి. ఏడాదికోసారి సిడ్నీ నుంచి రాణిగారి దళం ఓడలు మా రేవుకి వచ్చేవి. సెంట్రీ ఒక్కటీ తగ్గకుండా పేల్చి స్వాగతం చెప్పేది. అవతల్నుంచి ఒక జెండా కొంచెం దించి మళ్ళీ ఎత్తేవారు, అంతే. పనిమనిషి నమస్కారం పెడితే యజమాని తల ఊపినట్టు. మా కెప్టెన్ వెదరల్ ఒకప్పుడు ఆ దళంలోనే చేసి వచ్చిన మనిషి. ఆ పూట ఆయన భోజనం ముట్టేవాడు కాదని వంటవాళ్ళు చెప్పుకునేవారు. జేబెజ్ ముట్టేవాడు గానీ, తిన్నంతసేపూ సణుగుతూనే ఉండేవాడు.

మా జోయెల్‌కి ఇదంతా పెద్ద వినోదం. వాడు నాకంటే చాలా చిన్నవాడు, అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగాడు. మా రేవు ముందున్న అఖాతం అవతలి ఒడ్డు నుంచి గోధుమ బస్తాలు తెచ్చే కొర్నీలియా అనే తెరచాపల ఓడలో పనిచేసేవాడు. ఒడ్డుకి వస్తే మా వెనక గదిలోనే మకాం. వస్తూనే గుమ్మంలోంచి కేకేసేవాడు.

"ఏం బావా, ఈ నెల ఎన్ని నీటికాకుల్ని కూల్చారు?"

"నోర్ముయ్యరా. మీ బస్తాల తెప్ప కంటే నయమే."

"మా తెప్ప కనీసం కదులుద్ది బావా."

జేబెజ్ పైకి కసిరేవాడు గానీ, జోయెల్ లేని వారాల్లో ఇల్లు చప్పగా ఉందని ఆయనే అనేవాడు.

ఆ ఏడు మే నెలలో రాణిగారి పుట్టినరోజు వచ్చింది. సెంట్రీ రేవుకి ఎదురుగా లంగరు వేసి, ఈ చివర నుంచి ఆ చివరకి జెండాలు కట్టుకుని ముస్తాబైంది. ఓడ మీద మంత్రిగారికి విందు. ఓడ వంటవాడు అంతకు ముందురోజే చెయ్యి కాల్చుకున్నాడు, అందుకని నన్ను పిలిపించారు. తెల్లవారకముందే లేచి, మాంసం, బంగాళాదుంప కూరి కాల్చే పాస్టీలు చేసి బుట్టల్లో ఎక్కించాను. జోయెల్ ఆ రోజు మధ్యాహ్నానికి వస్తానన్నాడు. వాడి పాస్టీ మీద, మా కార్న్‌వాల్ వాళ్ళ అలవాటు ప్రకారం, వాడి పేరు మొదటి అక్షరం పిండితో అంటించి ఇంట్లో మూతపెట్టి వచ్చాను.

సముద్రం పొద్దున కదలకుండా ఉంది. పడమటి వైపు పొగమంచు దట్టంగా పట్టింది. జెట్టీ మీద ఊరంతా చేరింది. మధ్యాహ్నం జేబెజ్ చిన్న ఫిరంగులతో రాణిగారికి ఇరవై ఒకటీ పేల్చాడు. మంత్రి ప్రిడోగారు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నవ్వు మొహంతో నిలబడ్డారు. పొగ తేలిపోయింది. బ్యాండువాళ్ళు వాయిద్యాలు ఎత్తుతున్నారు.

అప్పుడు పడమటి నుంచి, మంచు లోపలి నుంచి, ఒక ఫిరంగి మోత వినిపించింది.

అందరం అటు తిరిగాం. కాసేపటికి ఇంకొకటి వినిపించింది. కెప్టెన్ మొహం నేను చూశాను. దళం ఓడ ఒకటి ఆ వారంలో రావలసి ఉందని ఊరంతా ఎదురుచూస్తోంది. ఆయన టోపీ సరిచేసుకుని, మంత్రిగారితో చాలా మెల్లగా అన్నాడు, వాళ్ళు మనకి బదులిస్తున్నారు, అని. మోతకీ మోతకీ మధ్య ఇంత ఆలస్యమేమిటని ఒక కుర్ర అధికారి సందేహపడ్డాడు. మంచులో కొన్ని మోతలు వినపడకుండా పోతాయని కెప్టెనే సర్దిచెప్పాడు. సర్దిచెప్పింది ఆ కుర్రవాడికి కాదు, తనకే. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషికి అలాగే వినిపిస్తుంది. నాకూ అలాగే వినిపించింది. నీకు అనుమానం రాలేదా అని ఎవరైనా ఇప్పుడు అడిగితే వాళ్ళ నోరు మూయించగలను. రాలేదు. అక్కడున్న ఎవరికీ రాలేదు.

"హాస్కెన్, ఫిరంగికి ఫిరంగి. వాళ్ళొకటి పేలిస్తే మనమొకటి. ఒక్కటి కూడా బాకీ పడొద్దు," అన్నాడు కెప్టెన్.

"అలాగే సార్," అన్నాడు జేబెజ్. ఆయన కళ్ళు తడిశాయి. పొగ వల్లనేమో అనుకుందామంటే పొగ అప్పటికే లేదు.

అవతల ఒకటి మోగేది. జేబెజ్ చెయ్యెత్తేవాడు, ఇక్కడొకటి మోగేది. జెట్టీ మీద జనం ప్రతిదానికీ టోపీలు ఎగరేశారు. నా మొగుణ్ణి అంత సంతోషంగా నేను పెళ్ళిరోజున కూడా చూడలేదు. అలా చాలాసేపు సాగాక అవతలి మోత ఆగిపోయింది. మర్యాద పూర్తయిందని కెప్టెన్ ఆ మంచుకేసి చెయ్యెత్తి సలాం కొట్టాడు. బ్యాండు మొదలైంది, విందుకి గంట కొట్టారు.

మంత్రిగారు పాస్టీలు బాగున్నాయన్నారు. లేచి ఉపన్యాసమిచ్చారు. ఈ రోజుతో మన చిన్న నౌకాదళం సామ్రాజ్యపు పెద్దల సరసన కూర్చుందని అన్నారు. ఆయన ఇంకా కూర్చోకముందే గాలి లేచింది. బల్ల మీద గుడ్డ అంచులు ఎగరడం మొదలైంది. మంచు చెదిరిపోయింది. పడమట దళం ఓడ కాదు కదా, దాని పొగ కూడా లేదు.

చేపలు పట్టే పడవ ఒకటి ఓడ పక్కకి వచ్చి ఆనుకుంది. అందులోని మనిషి కిందనుంచే అరిచి చెప్పాడు. కొర్నీలియా పొద్దున మంచులో దారితప్పి పడమటి ఇసుక దిబ్బ ఎక్కేసిందట. ఆపదలో ఉన్నామని జెండా తలకిందులుగా కట్టి ఉందట. అలలు మీదికెక్కుతున్నాయి, తన చిన్న పడవతో దగ్గరికి పోలేకపోయాడట. వాళ్ళు ఇందాకంతా సాయం కోసం తమ చిన్న సంకేతపు ఫిరంగి కాలుస్తూనే ఉన్నారు, మీకు వినపడలేదా, అని అడిగాడు.

నా చేతిలో వేడి పులుసు గిన్నె ఉంది. దాన్ని ఒలకకుండా బల్ల మీద పెట్టడం గుర్తుంది. ఆ తర్వాత నేనెలా పైకి వచ్చానో గుర్తులేదు.

కెప్టెన్ అప్పటికే బాయిలర్లు రాజేయమని కేకలేస్తున్నాడు. చల్లగా పడుకున్న బాయిలర్లు అన్నం కుండలు కావు, ఇట్టే మరగడానికి. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. మంత్రిగారు రుమాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, ఆ దిబ్బ ఎంత దూరమని అడిగారు. ఆరు మైళ్ళన్నాడు కెప్టెన్. మంత్రిగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. అదే నా కడుపుమంట. చెడ్డమనిషైతే ఇన్నేళ్ళూ హాయిగా శాపనార్థాలు పెట్టుకునేదాన్ని.

"కెప్టెన్, గీత దాటితే మనకి ఏ హోదా లేదు. అక్కడేదైనా జరిగితే జవాబుదారీ ఎవరు? గవర్నరుగారికి తంతి కొడతాను. అనుమతి రాగానే బయల్దేరండి."

నేను నౌకర్ల వరసలో ఉండవలసినదాన్ని. ఆగలేకపోయాను.

"మంత్రిగారూ, ఆ ఓడలో మా తమ్ముడున్నాడండీ. వాడికి నీళ్ళమీద మీ గీత కనపడదండీ."

ఆయన నా వంక చూసి, అర్థమైందమ్మా, అన్నారు. అర్థమైతే సరిపోతుందా? తంతి వెళ్ళింది. గవర్నరుగారు పండగ గుర్రపు పందేల్లో ఉన్నారని కబురొచ్చింది. పందేల మైదానానికి మనిషిని పరిగెత్తించారు. ఇది నా చేతిలో లేదు, సిడ్నీలో అడ్మిరల్‌ని అడగండని అక్కడినుంచి జవాబు వచ్చింది. అడ్మిరల్‌కి మళ్ళీ తంతి కొట్టారు. ఈలోపు ఓడల్ని లాగే టగ్ బోటు ఒకటి రేవు నుంచి, ఎవరినీ అడగకుండా, నల్లగా పొగ కక్కుతూ మా పక్కనుంచే పడమటికి వెళ్ళిపోయింది. దాని మీద ఫిరంగులు లేవు, అందుకని దానికి ఏ గీతా అడ్డం రాలేదు. మావాళ్ళు కమ్మీలు పట్టుకుని దాన్ని చూస్తూ నిలబడ్డారు.

జేబెజ్ నా దగ్గరకి వచ్చాడు. మీ ఓడ ఓడ కాదు, కుంపటి అన్నాను. అంతమంది మగవాళ్ళూ ఒక కాగితం కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారేం అన్నాను. ఆయన నిజమే అన్నాడు. నిజమే అనే మనిషితో ఎంతసేపని పోట్లాడతాం?

ఆవిరి లేచింది గానీ అనుమతి రాలేదు. పొద్దు వాలుతుండగా కెప్టెన్ వెదరల్ మంత్రిగారి దగ్గరికి వెళ్ళి, నా ఉద్యోగం మీరే ఉంచుకోండి, నేను వెళుతున్నాను, అన్నాడు. లంగరు ఎత్తమన్నాడు. గొలుసు సగం పైకి వచ్చేసరికి టగ్ బోటు తిరిగి వస్తూ కనిపించింది. కొర్నీలియా రెండుగా విరిగిపోయింది. తెరచాప కొయ్యకి తగులుకుని ఉన్న ముగ్గుర్ని తెచ్చారు. వాళ్ళలో జోయెల్ లేడు.

వాడి శవం కూడా దొరకలేదు. తర్వాత విచారణ చేశారు. కెప్టెన్ తన నియమం ప్రకారం నడుచుకున్నాడు, మంత్రి తన చట్టం ప్రకారం నడుచుకున్నాడు, మంచు తన స్వభావం ప్రకారం పట్టింది, ఎవరిదీ తప్పు లేదని తేల్చారు. కెప్టెన్ ఆ చలికాలమే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. నేను ఇంట్లో జేబెజ్ మీద విరుచుకుపడేదాన్ని, అసలు సంగతి మీద కాదు, ఉప్పు మీద, బూట్ల మీద, తలుపు వేయలేదని, వేశాడని. ఆయన అన్నిటికీ ఊఁ కొట్టేవాడు.

బతికిన ముగ్గురిలో నిల్స్ అనే నార్వే ముసలాయన ఒకడు. కొర్నీలియాలో వంట చేసేవాడు. చాలాకాలం ఆసుపత్రిలో ఉండి, నడవగలిగాక ఒక ఆదివారం ప్రార్థన అయిన తర్వాత మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. జోయెల్ అక్కని చూసి పోదామని వచ్చానన్నాడు. టీ పోశాను. జేబెజ్ బల్లకి అవతల కూర్చున్నాడు. ముసలాయన కప్పు రెండు చేతులతో పట్టుకుని, నిదానంగా చెప్పుకొచ్చాడు.

"పొద్దున దిబ్బెక్కినప్పుడు నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయమ్మా. మధ్యాహ్నం దాకా మంచు విడవకపోతే, చిన్న పడవ దింపుకుని ఒడ్డుకి పోదామన్నాడు మా సారంగు. ఇంతలో మీ మోతలు వినపడ్డాయి. అవి రాణిగారి పుట్టినరోజు మోతలని మాకూ తెలుసు. జోయెల్ అన్నాడు, మా బావ ఫిరంగుల దగ్గరే ఉన్నాడు, మనమొకటి కాలిస్తే వింటాడని. కాల్చాం. ఒకటి, మళ్ళీ ఒకటి. అప్పుడు మీరు కాల్చారయ్యా."

అయ్యా అన్నప్పుడు జేబెజ్ వైపు తిరిగాడు.

"మేమొకటి కాలిస్తే మీరొకటి. మేమింకోటి, మీరింకోటి. జోయెల్ గంతులేశాడమ్మా. బావ విన్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంక ఆ చిల్లుల పడవ ఎందుకు, ఓడే వస్తుంది కూర్చోండి అన్నాడు. సారంగు పడవ దింపబోతే వాడే ఆపాడు. ఫిరంగి మందు అయిపోయేదాకా కాల్చాం. ప్రతిదానికీ బదులొచ్చింది. గాలి లేచాక కూడా వాడు వస్తారు, వస్తారు అంటూనే ఉన్నాడు. చివరిదాకా భయపడలేదమ్మా. ఆ ముక్క చెబుదామనే వచ్చాను."

మంచి మాట చెప్పానన్న తృప్తితో ఆయన టీ తాగాడు. నీళ్ళు నిమ్మళంగా ఉన్నప్పుడు, చేతిలో పడవ ఉన్నప్పుడు, వాళ్ళని అక్కడ కూర్చోబెట్టింది మా ఫిరంగులు. మా సంతోషం. ఆ ముసలాయన కప్పు దింపి, మామూలుగా, ఊరికే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"ఇంతకీ దారిలో ఏమైందయ్యా? ఎక్కడిదాకా రాగలిగారు?"

అబద్ధం చెబుదామని నేను నోరు తెరిచాను. సగం దూరం వచ్చాం, ఇంజను చెడింది, గాలి అడ్డం కొట్టింది, ఏదో ఒకటి. జేబెజ్ నాకంటే ముందు మాట్లాడాడు.

"మేం బయల్దేరలేదు."

"మరి ఆ ఫిరంగులు?"

"మర్యాదకి కాల్చాం. మీరు మాకు సలాం చేస్తున్నారనుకున్నాం."

మర్యాదకా, అని నిల్స్ తనలో తాను ఒకసారి అనుకున్నాడు. కప్పు పక్కకి జరిపాడు, టోపీ తీసుకున్నాడు, నాకు తల వంచి దండం పెట్టి వెళ్ళిపోయాడు. కోపంతో ఒక్క మాట అన్నా బాగుండేది.

తలుపు మూసుకున్నాక జేబెజ్ బల్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"తిట్టవే," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఏదేదో తిట్టావు. ఇప్పుడు తిట్టు."

ఈ రేవులో నా నోటికి జడవనివాళ్ళు లేరు. ఆ పూట నాకు ఒక్క మాట రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి తన జన్మలో ఒకే ఒక్కసారి సంతోషంగా చేసిన పని అది. దానికి ఏమని తిడతాను? లేచి కప్పులు తీసి కడిగాను. ఆయన అక్కడే కూర్చుని, తిట్టు కోసం చీకటి పడేదాకా ఎదురుచూశాడు.